మెత్తగా మిగిలిన సీసా, రాయిలా బిగిసిన సీసా: విశాఖ వంటింట్లో అల్లం సోడా – సమస్యలు, పరిష్కారాలు

తెల్లవారుజామున తాటిచెట్టు మీద నుంచి దించిన నీరా, కుండకు లోపల సున్నం పూయకపోతే, మధ్యాహ్నానికల్లా కల్లుగా మారుతుందన్న సంగతి ఉత్తరాంధ్రలో ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు. ఇంట్లో సహజంగా గ్యాసు పట్టించి అల్లం సోడా చేసుకునేవారికి ఎదురయ్యే చిక్కులలో సగానికి పైగా ఈ సంగతిని సీసా విషయంలో మరచిపోవడం వల్ల వచ్చేవే. చలిదేశాల వారు రాసిపెట్టిన విధానాలలో సీసాను మూడు నాలుగు రోజులు బయట ఉంచమని ఉంటుంది. మే నెలలో రాత్రిపూట కూడా 28 డిగ్రీల దగ్గరే ఉండే మన ఊళ్లో ఆ లెక్క పాటిస్తే సీసా పగలవచ్చు. అందువల్ల ఇక్కడ రోజులు లెక్కపెట్టడం మాని, సీసాను చేత్తో నొక్కి చూసి నిర్ణయించడం అలవాటు చేసుకోవాలి.

సమస్యలలోకి వెళ్లే ముందు నేను అనుసరించే విధానాన్ని క్లుప్తంగా చెబుతాను. పెరుగుకు తోడు కావలసినట్టే దీనికీ ఒక తోడు కావాలి. అర లీటరు నీటిలో రెండు చెంచాల అల్లం ముక్కలు, రెండు చెంచాల చక్కెర వేసి, గాజు సీసా మూతికి పలుచని గుడ్డ కట్టి, రోజూ మరో చెంచా అల్లం, చెంచా చక్కెర కలుపుతూ ఉంటే, వేసవిలో రెండు మూడు రోజులకు నురగ లేస్తుంది. ఆ తరువాత లీటరు పానీయానికి 50 గ్రాముల అల్లం దంచి నీటిలో మరిగించి, 80 గ్రాముల చక్కెర గాని బెల్లం గాని కరిగించి, పూర్తిగా చల్లారాక వడగట్టి, ఒక నిమ్మకాయ పిండి, అర కప్పు తోడు కలిపి సీసాలో పోసి మూత బిగించాలి.

తోడులో ఎంతకీ బుడగలు రావడం లేదు

మొదట అనుమానించవలసింది నీటిని. మేఘాద్రిగెడ్డ, రైవాడ వంటి జలాశయాల నుంచి నగరానికి వచ్చే కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుతారు. మనలను రోగాల నుంచి కాపాడే ఆ క్లోరిన్‌కు మనకు కావలసిన ఈస్టు (చక్కెరను పులియబెట్టి గ్యాసు పుట్టించే సూక్ష్మజీవి), అక్కరలేని క్రిమి అన్న భేదం తెలియదు. కుళాయి నీటిని పది నిమిషాలు మరిగించి, మూత లేకుండా చల్లార్చి వాడితే ఈ చిక్కు తీరుతుంది. ఆర్‌ఓ నీటితోనూ ఇబ్బంది లేదు. సముద్రానికి దగ్గరగా ఉన్న వీధులలో కొన్ని బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది, దానిని మాత్రం మరిగించినా ప్రయోజనం లేదు.

నీరు సరిగా ఉంటే తప్పు అల్లం చెక్కులో ఉండవచ్చు. ఈస్టు ఉండేది ప్రధానంగా ఆ చెక్కు మీదే కాబట్టి, శుభ్రత పేరుతో చెక్కు గీసేసి తెల్లని ముక్కలు వేసేవారికి తోడు ఆలస్యంగా లేస్తుంది, ఒక్కోసారి అసలే లేవదు. రైతు బజారులో పాడేరు వైపు నుంచి వచ్చే, మట్టి అంటుకున్న చిన్న అల్లం దొరికితే అదే తీసుకుని, మట్టి పోయేంత వరకే కడిగి, చెక్కుతోనే తరిగి వేయండి. పెద్దగా, నున్నగా, తళతళలాడే అల్లం కూరకు బాగుంటుంది గాని తోడుకు అంత నమ్మకమైనది కాదు.

మూడవ కారణం చాలామందికి తట్టదు. బెల్లం లేత పసుపు రంగులో ఆకర్షణీయంగా కనిపించడానికి పాకంలో హైడ్రోస్, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, కలిపే అలవాటు ఉంది. దాని నుంచి మిగిలిపోయే గంధక సమ్మేళనాలు ఈస్టును అణచివేస్తాయి. పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉండగా బెల్లానికి మనకు కరువు లేదు, అయితే అందులో ముదురు గోధుమ రంగు రకాన్నే అడిగి తీసుకోవాలి. నా సలహా ఏమిటంటే తోడును మాత్రం మామూలు చక్కెరతోనే పెంచి, బెల్లాన్ని పానీయంలోనే వాడండి. అప్పుడు బెల్లం వల్ల తేడా వచ్చినా ఒక్క సీసాతో పోతుంది, తోడు మిగులుతుంది.

జనవరిలో ఇవన్నీ సరిగా ఉన్నా తోడు ఐదారు రోజులు తీసుకోవచ్చు, అది సమస్య కాదు.

తోడు బాగానే పొంగింది, సీసాలో మాత్రం గ్యాసు పట్టలేదు

సీసా మెత్తగా ఉందంటే లోపల గ్యాసు పుట్టనైనా లేదు, పుట్టినది నిలవనైనా లేదు. రెండింటినీ విడదీసి చూడాలి. మూత బిగించిన సీసాను నీళ్ల బకెట్‌లో తలకిందులుగా ముంచి గట్టిగా నొక్కితే మూత దగ్గర బుడగలు వస్తే, గ్యాసు కారిపోతున్నట్టే. చాలాసార్లు వాడిన మూత లోపలి అంచు అరిగిపోతుంది. సీసా మార్చండి.

కారడం లేదంటే లోపల ఈస్టు చచ్చిపోయి గాని, ఆకలితో గాని ఉండాలి. కషాయం గోరువెచ్చగా ఉందనుకుని తొందరపడి తోడు కలపడం అన్నింటికన్నా సాధారణమైన తప్పు. వేలు పెడితే వేడి తెలియనంతగా చల్లారే దాకా ఆగాలి. మధుమేహం భయంతో చక్కెర బదులు స్టీవియా వంటివి వాడితే తీపి వస్తుంది గాని ఈస్టుకు అది తిండి కాదు. దుకాణంలో కొన్న పండ్ల రసంతో చేస్తే డబ్బా మీద సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ అన్న పేర్లు ఉన్నాయేమో చదవండి, అవి ఈస్టు పెరగకుండా ఆపడానికే వేసినవి. సీతంపేట అనాసనో, ఇంటి మామిడినో పిండుకున్న రసంతో ఈ బాధ లేదు.

పెరుగు తేటను తోడుగా వాడి గ్యాసు రాలేదని బాధపడేవారూ ఉన్నారు. పెరుగును తోడుపెట్టే బాక్టీరియా చక్కెరను ప్రధానంగా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, గ్యాసు చెప్పుకోదగినంతగా ఇవ్వదు. దానితో చేస్తే పుల్లని, చల్లని, కడుపుకు హాయినిచ్చే పానకం వస్తుంది. సోడా మాత్రం రాదు.

సీసా రాయిలా బిగిసిపోయింది, మూత తిప్పగానే సగం పైకప్పుకు కొట్టింది

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. 80 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దుకాణంలో అమ్మే కూల్‌డ్రింకులో లీటరుకు ఉండేది దాదాపు మూడున్నర నుంచి నాలుగు లీటర్ల గ్యాసే. అంటే తియ్యగా ఉన్న మన సీసాలో, అది పగిలిపోవడానికి చాలినంత ఇంధనం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. తనంతట తాను ఆగే వ్యవహారం కాదు ఇది, ఫ్రిజ్‌లో పెట్టినప్పుడే నెమ్మదిస్తుంది.

పైగా, వేడిమి పెరిగేకొద్దీ గ్యాసు నీటిలో తక్కువగా కరుగుతుంది. మామూలు వాతావరణ పీడనంలో లీటరు నీరు 4 డిగ్రీల దగ్గర సుమారు లీటరున్నర కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుంటే, 30 డిగ్రీల దగ్గర అందులో సగం కూడా కరిగించుకోలేదు. ఒకే సీసా, ఒకే గ్యాసు, అయినా వంటింటి గట్టు మీద ఉన్నప్పుడు లోపలి పీడనం ఫ్రిజ్‌లో ఉన్నప్పటికన్నా రెట్టింపు దాటుతుంది. వెచ్చని సీసా తెరిస్తే చిమ్మడానికి కారణం ఇదే.

కాబట్టి గ్యాసు ఉండే కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలనే వాడాలి. అడుగున ఐదు పాదాలు ఉన్నట్టుండే ఆ ఆకారం పీడనాన్ని తట్టుకోవడానికే చేసినది. మంచినీళ్ల సీసాలు అంత బలమైనవి కావు. సాస్, షర్బత్, తేనె వచ్చే గాజు సీసాలను ఎంత అందంగా ఉన్నా తాకవద్దు. నేను మొదటి వేసవిలో ఒక సాస్ సీసాలో పోసి అలమరలో దాచిన అల్లం సోడా మిట్టమధ్యాహ్నం పేలి, గాజు పెంకులు పప్పుల డబ్బాల వెనుక నుంచి వారం రోజులు దొరుకుతూనే ఉన్నాయి. ఆ సమయంలో వంటింట్లో ఎవరూ లేకపోవడం అదృష్టమే తప్ప నా తెలివి కాదు.

గోలీసోడా సీసాలు వాడవచ్చా అని కొందరు అడుగుతుంటారు. ఆ సీసాలో గోలీని పైకి నొక్కిపెట్టి మూతిని మూసేది లోపలి గ్యాసే. అందుకే సోడా బండి వారు సిలిండర్ గ్యాసు పట్టిస్తూ సీసాను తలకిందులుగా తిప్పుతారు. మన పద్ధతిలో గ్యాసు గంటల తరువాత పుడుతుంది, అంతవరకు గోలీని ఆపేది ఏదీ ఉండదు. ఆ సీసాలను జ్ఞాపకంగా ఉంచుకోవడమే మంచిది.

పోసేటప్పుడు పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. కొన్ని గంటలకొకసారి నొక్కి చూసి, దుకాణంలో తెరవని సోడా సీసా ఎంత గట్టిగా ఉంటుందో అంత కాకముందే, ఇంకా వేలికి కొద్దిగా లొంగుతుండగానే, ఫ్రిజ్‌లోకి మార్చండి. మా పెదవాల్తేరు ఇంట్లో మే నెలలో దీనికి 10 నుంచి 14 గంటలు, జనవరిలో రోజున్నర పడుతుంది. మీ ఇల్లు ఎన్నో అంతస్తు, వంటింటికి ఏ వైపు ఎండ తగులుతుంది అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. ఫ్రిజ్‌లో ఒక పూర్తి రోజు ఉంచితే గ్యాసు ద్రవంలోకి దిగుతుంది. తెరిచేటప్పుడు గిన్నెలో నిలబెట్టి, మూతను కొద్దిగా తిప్పి బుస్సుమనగానే మళ్లీ బిగిస్తూ, నాలుగైదు విడతలుగా తీయండి. మామిడి, అనాస గుజ్జు వడగట్టకపోతే ప్రతి నారపోగు చుట్టూ బుడగలు పుట్టి నురగ మరీ ఎక్కువవుతుంది.

సీసా ఇప్పటికే అడుగు ఉబ్బి, నిలబెడితే ఒరిగిపోతూ ఉంటే అప్పుడే తెరవవద్దు. తడి తువ్వాలు చుట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి, మరునాడు సింకులో, ముఖం దూరంగా పెట్టి, పైన చెప్పినట్టే గ్యాసు వదలండి.

కరెంటు పోవడం కూడా ఈ జాబితాలోనిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, మా ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు ఉన్నాయని నాకు రెండవ రోజు రాత్రి గుర్తుకు వచ్చింది. కొవ్వొత్తి వెలుగులో వాటిని ఒక్కొక్కటిగా తెరిచి ఖాళీ చేశాను. తుపాను హెచ్చరిక రాగానే సీసాలు తాగేయడం గాని, గ్యాసు వదిలేయడం గాని చేయండి.

తాగితే కల్లు వాసన వేస్తోంది

ఈస్టు చక్కెరను గ్యాసుగా మార్చేటప్పుడు దాదాపు అంతే బరువు ఆల్కహాల్ కూడా పుడుతుంది. ఒకటి వద్దు, ఒకటే కావాలంటే అది వినదు. లీటరు పానీయంలో రెండు లీటర్ల గ్యాసు పుట్టడానికి 8 గ్రాముల చక్కెర, అంటే రెండు చిన్న చెంచాలు, ఖర్చయితే ఆల్కహాల్ సుమారు అర శాతానికి చేరుతుంది. మన దేశపు ఆహార ప్రమాణాలలో 0.5 శాతం దాటితే అది మద్య పానీయం కిందకు వస్తుంది. కూల్‌డ్రింకు అంత ఘాటైన గ్యాసు కోరుకుంటే ఒక శాతం వరకు పోవచ్చు. కాబట్టి సహజమైన సోడాను మద్యం లేని పానీయంగా ఉంచుకోవాలనుకునేవారు తేలికపాటి గ్యాసుతో తృప్తిపడాలి.

కల్లు వాసన స్పష్టంగా తెలుస్తోందంటే పానీయం ఆ గీతను దాటి చాలా సేపయిందని అర్థం. దాన్ని సరిదిద్దే మార్గం లేదు, పారబోయాలి. మరుసటి విడతలో రెండు మార్పులు చేయండి. తోడు కలిపాక మూత లేని పాత్రలో ఒకటి రెండు రోజులు పులియబెట్టే దశను కొన్ని విధానాలు చెబుతాయి. ఆ దశలో గ్యాసు గాలిలో కలిసిపోయి ఆల్కహాల్ మాత్రం పాత్రలో మిగులుతుంది కనుక దాన్ని పూర్తిగా మానేసి, తోడు కలిపిన వెంటనే సీసాలో పోయండి. ఫ్రిజ్‌లో పెట్టిన సీసాను ఐదారు రోజులలో ముగించండి, చల్లదనం ఈస్టును నెమ్మదింపజేస్తుందే గాని చంపదు.

పిల్లలకు, గర్భిణులకు, వ్రతం వల్లనో మతం వల్లనో ఒక్క చుక్క కూడా ముట్టనివారికి నేను ఈ పానీయం ఇవ్వను. అదే అల్లం కషాయాన్ని చిక్కగా కాచి, తోడు వేయకుండా, బండి మీద కొన్న సోడాలో కలిపి ఇస్తాను. రుచిలో తేడా ఉంటుంది, మనసులో శంక ఉండదు.

పొర, జిగురు, వాసనలు

వానాకాలంలో గాలి చెమ్మగిల్లి ఉండే మన ఊళ్లో తోడు మీద పలుచని, ముడతలు పడిన తెల్లపొర తరచుగా కడుతుంది. అది హాని చేయని ఒక రకం ఈస్టు, గరిటెతో తీసేసి రోజుకు రెండుసార్లు కలుపుతుంటే తగ్గుతుంది. నూగులా లేచి, ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే మాత్రం బూజు. పైది తీసేసి కిందిది వాడుకుందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు, మొత్తం పారబోసి సీసాను మరిగే నీటితో కడగండి.

ద్రవం తీగలా సాగితే చక్కెరను జిగురుగా మార్చే బాక్టీరియా పైచేయి సాధించిందన్నమాట. కొత్త తోడులో రెండు మూడు రోజులకు అదే సర్దుకోవచ్చు, సర్దుకోకపోతే కొత్తది మొదలుపెట్టండి. కుళ్లిన గుడ్డు వాసన ఈస్టు ఇబ్బందిలో ఉందని చెబుతుంది. తోడులో కొత్త అల్లం వేసి, గాలి తగిలేలా కలిపితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వెనిగర్ వాసన వస్తే గాలి ఎక్కువగా తగిలి ఎసిటిక్ బాక్టీరియా చేరింది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు దాన్ని మోసుకొస్తాయి కాబట్టి గుడ్డను రబ్బరుబ్యాండుతో బిగించి కట్టాలి.

లోహపు రుచి వస్తే పాత్రను చూడండి. ఈ పుల్లని ద్రవాన్ని రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలలో ఉంచరాదు. గాజు, స్టీలు, జాడీ మంచివి.

సీసా అడుగున తెల్లని మడ్డి చేరడం దోషం కాదు, అది దిగిన ఈస్టు. కదపకుండా వంచి, చివరి అంగుళం వదిలేస్తే చాలు.

సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు తోడుకు ఒక చెంచా చక్కెర వేసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తిరిగి వచ్చాక బయటపెట్టి, అల్లం, చక్కెర వేసి ఒకటి రెండు రోజులు ఆగి, నురగ లేచాకే సీసాలకు వాడండి.