కాలితో తొక్కే కాగితపు రాకెట్టు కోసం పైపు సాకెట్లు, బెండ్లు ఇంట్లోనే చేసుకునే పద్ధతి

బోరు దగ్గర పైపు తెగినప్పుడు, షాపుకు వెళ్లి కప్లర్ (రెండు పైపులను కలిపే ముక్క) తెచ్చుకునే తీరిక లేని రైతు ఏం చేస్తాడో పల్లెలో పెరిగినవారికి చెప్పనక్కర లేదు. గుప్పెడు వరిగడ్డి అంటించి, పైపు మూతిని ఆ సెగ మీద తిప్పి, మెత్తబడగానే రెండో ముక్కను అందులోకి దూర్చి, నీళ్లు చల్లి గట్టిపడేదాకా కదలకుండా పట్టుకుంటాడు. మసి పట్టి, కాస్త వంకరగా ఉన్నా ఆ జోడింపు ఏళ్ల తరబడి నీళ్లు మోస్తుంది. అదే పనిని ఇంకొంచెం శుభ్రంగా, కొలత ప్రకారం చేస్తే, పిల్లలు ఆడుకునే కాగితపు రాకెట్టుకు కావలసిన లాంచర్ మొత్తాన్ని ఒక్క ఫిట్టింగూ కొనకుండా తయారు చేసుకోవచ్చు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను కాలితో తొక్కితే అందులోని గాలి పైపు గుండా పరుగెత్తి, పైపు చివర తొడిగిన కాగితపు గొట్టాన్ని ఆకాశంలోకి నెడుతుంది. ఈ బొమ్మలో యంత్రమంటూ ఉన్నది ఇంతే.

పని మొదలుపెట్టే ముందు ఒక హద్దు గీసుకోవాలి. అమెరికాలో ఆలుగడ్డలను పైపులోంచి పేల్చే ఫిరంగులు చేసుకునే సరదా ఒకటి ఉంది. ఇంట్లో వేడి చేసి మలిచిన జోడింపులు అలాంటి వాటికి ఎంతమాత్రం పనికిరావు. పైపు మీద అచ్చువేసిన పీడనం అంకె నీటికి సంబంధించినది. నీరు దాదాపుగా కుదించుకుపోదు కనుక, నీళ్ల పైపు పగిలితే ఒక్కసారి చిమ్మి ఊరుకుంటుంది. కుదించిన గాలి అలా కాదు, పగిలిన క్షణంలో అనేక రెట్లు వ్యాకోచించి పీవీసీ ముక్కలను కత్తుల్లా విసురుతుంది. అందుకే అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1988లోనే, నేలపైన ఉండే గాలి గొట్టాలకు పీవీసీ వాడవద్దని హెచ్చరించింది. మన దగ్గరి ఉదాహరణ ఇంకా చేదైనది: 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో పైపులతో చేసిన కార్బైడ్ గన్నులు (కార్బైడ్‌లో నీళ్లు పోస్తే పుట్టే వాయువును అంటించి పేల్చేవి) పేల్చి ఎందరో పిల్లలు కళ్లకు గాయాలై ఆసుపత్రుల పాలయ్యారు.

తొక్కుడు లాంచర్‌లో ఆ భయం లేకపోవడానికి కారణం, అందులో పీడనం నిలవ ఉండే చోటే లేకపోవడం. పైపు ఒక చివర ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాని మీద వదులుగా కూర్చున్న కాగితం పీడనం పెరగకముందే ఎగిరిపోతుంది. కాబట్టి ఈ లాంచర్‌కు పంపుగానీ, కంప్రెసర్‌గానీ, మూసి తెరిచే వాల్వుగానీ ఎన్నడూ తగిలించకూడదు.

ఇక సరుకు సంగతి. అర అంగుళం పీవీసీ ప్లంబింగ్ పైపు, షెడ్యూల్ 40 రకం (ఇది గోడ మందాన్ని తెలిపే పేరు), రెండు మీటర్లు చాలు. అర అంగుళం అన్నది పేరుకే గాని, టేపు పెట్టి చూస్తే ఆ కొలత ఎక్కడా కనిపించదు. బయటి వ్యాసం 21.3 మి.మీ., గోడ మందం సుమారు 2.8 మి.మీ., లోపలి వ్యాసం 15.8 మి.మీ. ఉంటుంది. వేడి నీళ్లకు వాడే సీపీవీసీ పైపు తీసుకోవద్దు, అది ఎక్కువ వేడికి గాని మెత్తబడదు, పైగా దాని కొలతలూ వేరు. పొలాల్లో వాడే పైపులు 20, 25, 32 మి.మీ. అంటూ బయటి వ్యాసం లెక్కన వస్తాయి కనుక, రెండు రకాలనూ కలిపితే ఏదీ దేనిలోనూ సరిగా కూర్చోదు. వీటితో పాటు హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, ఎమిరీ పేపరు, హాట్ ఎయిర్ గన్ను (వేడిగాలి ఊదే పరికరం), తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఒక తడిగుడ్డ, కొంచెం కొబ్బరినూనె కావాలి. వేడి చేసే పని పెద్దవాళ్లదే.

పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దాటాక బిగువు కోల్పోవడం మొదలవుతుంది, 120 నుంచి 140 మధ్య తోలులా వంగుతుంది, 200 దాటితే విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లపు వాయువును వదులుతుంది. గడ్డి మంటతో చిక్కు ఇక్కడే వస్తుంది, ఎందుకంటే మంట తాకిన చోట మాడుతుంది, తాకని చోట పచ్చిగా ఉంటుంది. పైపు పసుపు తిరిగినా, గొంతులో గుచ్చుకునే ఘాటు వచ్చినా ఆ ముక్క పనికిరాదని పక్కన పడేసి, గాలి ఆడే చోటికి వెళ్లాలి. మొత్తం పనీ ఆరుబయటే చేయడం మంచిది.

సాకెట్, అంటే ఇంకో పైపు దూరేలా వెడల్పు చేసిన మూతి, చేయడానికి పైపును అడ్డంగా, నిటారు కోతగా కోసి, అంచుల పొట్టును ఆకురాయితో తీసేయాలి. తరువాత కావలసింది మూతిని వెడల్పు చేసే అచ్చు. రైతు రెండో పైపునే అచ్చుగా వాడతాడు గాని, ఆ పైపు కూడా వేడికి మెత్తబడి లోపలికి కుంగుతుంది. నా మొదటి మూడు సాకెట్లూ కోడిగుడ్డు ఆకారంలో రావడానికి కారణం అదేనని తెలియడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. ఆ తరువాత పాత సామాన్లలో దొరికిన జానెడు అర అంగుళం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు ముక్క ఈ చిక్కు విడదీసింది, ఎందుకంటే దాని బయటి వ్యాసమూ దాదాపు 21.3 మి.మీ.యే. దాని కొనను ఆకురాయితో రెండు సెంటీమీటర్ల మేర ఏటవాలుగా అరగదీసి, ఎమిరీ పేపరుతో నున్నగా చేసి, కొబ్బరినూనె రాసి పెట్టుకోవాలి. ఇనుము మరీ చల్లగా ఉంటే తాకగానే ప్లాస్టిక్‌ను గట్టిపరుస్తుంది కనుక, చేతికి వెచ్చగా తగిలేంత వేడి దానికీ పట్టించాలి.

ఇప్పుడు పైపు మూతి నుంచి 35 మి.మీ. దాకా గీత గీసి, గన్నును నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, పైపును రొట్టె కాల్చినట్టు ఆగకుండా తిప్పుతూ ఆ భాగాన్ని మాత్రమే వేడి చేయాలి. మొదటి నిమిషంలో ఏమీ జరగనట్టే ఉంటుంది. గోడ మందంగా ఉండటం వల్ల వేడి లోపలికి చేరడానికి సమయం పడుతుంది, తొందరపడి గన్ను దగ్గరికి తెస్తే పైపొర మాడుతుంది. కాసేపటికి మూతి అంచు మీద మెరుపు వచ్చి, తొడుగు వేసుకున్న వేళ్లతో నొక్కితే గట్టి రబ్బరులా అణగుతుంది. ఆ క్షణంలో అచ్చును సూటిగా, కొద్దిగా మెలితిప్పుతూ 30 మి.మీ. లోపలికి దించి, వెంటనే తడిగుడ్డ చుట్టాలి. పూర్తిగా చల్లారేదాకా వదిలేస్తే ప్లాస్టిక్ బిగుసుకుని ఇనుమును పట్టేస్తుంది కాబట్టి, గోరువెచ్చగా ఉండగానే అచ్చును ఒకసారి అటూ ఇటూ తిప్పి సడలించి, చల్లారాక బయటికి లాగాలి.

మూతి 15.8 నుంచి 21.3కు సాగిందంటే గోడ పలచబడిందన్నమాట. లెక్క వేస్తే 2.8 మి.మీ. మందం 2.2కు దగ్గరగా దిగుతుంది, అంటే ఐదో వంతు పోయినట్టే. అంగట్లో కొన్న ఫిట్టింగులో ఇలా జరగదు, దాని గోడను కావాలనే మందంగా పోస్తారు. తొక్కుడు రాకెట్టుకు ఇది లెక్కలోకి రాదు గాని, ఓవర్‌హెడ్ ట్యాంకు పైపులకు ఇలాంటి సాకెట్ పెట్టమని నేను చెప్పను. ఇందులో ఊరటనిచ్చే గుణం ఒకటుంది: పీవీసీకి జ్ఞాపకశక్తి ఎక్కువ. సాకెట్ వంకరగా వస్తే మళ్లీ సమంగా వేడి చేయండి, మూతి దానంతట అదే కుంచించుకుని దాదాపు పాత రూపానికి వస్తుంది.

బెండుకు ఇసుక కావాలి. పైపు ఒక చివర కాగితం ఉండ బిగించి, సన్నని ఇసుకను తడుతూ నిండా పోసి, రెండో చివర కూడా కాగితంతోనే మూయాలి. ఇసుక బాగా ఎండి ఉండాలి, లేకపోతే వేడికి లోపల ఆవిరి పుట్టి బిరడాను ఎగదన్నుతుంది. మధ్యలో 20 సెం.మీ. మేర తిప్పుతూ వేడి చేసి, పైపు తన బరువుకే వేలాడుతున్నప్పుడు నాలుగు లీటర్ల పెయింటు డబ్బా చుట్టూ ఒత్తి, 90 డిగ్రీల కంటే కొంచెం ఎక్కువే వంచి, తడిగుడ్డతో చల్లార్చాలి. చేయి వదిలాక అది కొద్దిగా వెనక్కి వస్తుంది. ఇసుక లేకుండా వంచితే లోపలి వైపు మడత పడి గాలి దారి సగం మూసుకుపోతుంది.

సీసా జోడింపుకు అసలు వేడే అవసరం లేదు. కూల్‌డ్రింక్ సీసా మెడ లోపలి వ్యాసం సుమారు 21.7 మి.మీ., మన పైపు 21.3, ఈ రెండూ ఒకదానికొకటి కొలిచి చేసినట్టే ఉంటాయి. పైపు చివరను మెడలోకి నాలుగు సెంటీమీటర్లు దూర్చి, బయట టేపు వేస్తే చాలు. సీసా పది, ఇరవై తొక్కులకు పగులుతుంది కాబట్టి దీన్ని శాశ్వతంగా అతికించకూడదు.

సీసా, పొడుగు పైపు, బెండు, నిలువు పైపు, ఇలా అన్నిటినీ వరసగా జోడించేటప్పుడు సాకెట్లకు సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాయకండి. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కనుక వేడి పని జరిగే చోట ఆ డబ్బా మూత తీయడమే ప్రమాదం. దానికి మించి, అతికించని సాకెట్‌లో బెండును ఇటూ అటూ తిప్పి రాకెట్టు వాలును మార్చుకోవచ్చు. గాలి కారుతుందేమోనన్న అనుమానం ఉంటే రెండు చుట్లు టెఫ్లాన్ టేపు వేయండి. నేల మీద పొడుగు పైపు ఒక మీటరు ఉంటే, తొక్కే పిల్లవాడు రాకెట్టుకు దూరంగా ఉంటాడు. నిలువు పైపు అర మీటరు సరిపోతుంది.

రాకెట్టుకు పైపు చుట్టూ ముందు ఒక కాగితాన్ని చుట్టి, దాని మీద ఇంకో కాగితాన్ని గొట్టంగా చుట్టి అతికించి, లోపలి కాగితాన్ని లాగేయాలి. ఆ సందు ఉంటేనే అది సులువుగా జారుతుంది. మూతిని మడిచి టేపుతో గాలి పోకుండా మూసి, మెత్తని కాగితపు శంకువు పెట్టి, కింద మూడు రెక్కలు అతికించాలి. కొనకు పుల్లలు, మేకులు, బరువులు పెట్టకూడదు. నిలువు పైపు మీదికి ఎవరూ వంగి చూడకూడదు, తొక్కేవాడు ముందు గట్టిగా లెక్కపెట్టాలి.

నలిగిన సీసాను మళ్లీ ఉబ్బించడానికి పైపు కొసను పిడికిలితో చుట్టి, ఆ పిడికిలి గుండా ఊదితే పైపు నోటికి తగలదు. ఊదినా సీసా లేవకపోతే, సాకెట్ మూతి చుట్టూ సబ్బు నురగ రాసి మళ్లీ ఊదండి, బుడగ లేచిన చోట ఇంకో చుట్టు టేపు వేయండి.