సరుకు నౌక కథ నవ్వించడం లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

గ్రహం నుంచి గ్రహానికి కిరాయికి తిరిగే పాత నౌక, నలుగురు సిబ్బంది, తీరని అప్పు. సరదా కథకు ఇంతకంటే ఏం కావాలి? అయినా రాయడం మొదలుపెడితే మూడో పేజీకే చప్పబడిపోతుంది. నా చిత్తుప్రతులు అలా చాలానే మూలపడ్డాయి. తిరగేసి చూస్తే తప్పు దాదాపు ఒకటే: నౌక అని రాసి, లారీని నడిపించాను.

లక్షణం: ఇంజను చెడుతుంది, నౌక దారి మధ్యలో ఆగిపోతుంది, పాఠకుడు ఆవలిస్తాడు.

కారణం: మన మనసులో ఉన్నది రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన లారీ. శూన్యంలో నౌకను ఆపే గాలీ లేదు, రాపిడీ లేదు. అంగారకుడికి ఇంధనం పొదుపుగా వాడుకుంటూ వెళితే ఎనిమిదిన్నర నెలలు పడుతుంది. అందులో ఇంజను పనిచేసేది కాసేపే.

పరిష్కారం: ఇంజను చెడితే వచ్చే బాధ ఆగిపోవడం కాదు, ఆగలేకపోవడం. దిగవలసిన చోటు కిటికీలోంచి దాటిపోతుంటే, కింద గోదాము గుమాస్తా రసీదు పుస్తకం పట్టుకుని పైకి చూస్తుంటాడు. "సరుకు వచ్చిందండీ... వెళ్లిపోయిందండీ" అని యజమానికి కబురు పెట్టవలసింది అతనే.

లక్షణం: సంభాషణలు ఫోను మాటల్లా ఉన్నాయి.

కారణం: అంగారకుడికీ భూమికీ మధ్య దూరాన్ని బట్టి, కబురు ఒక వైపు చేరడానికే సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని మింగేశారు.

పరిష్కారం: దాన్ని బయటికి తీయండి. "అంతా సవ్యం, వారం ముందే చేరుస్తాం" అని కెప్టెన్ కబురు పంపాడు. ఆ వెంటనే గిడ్డంగిలో పొగ. "సరుకు అంటుకుంది, ఏం చేయమంటారు?" అని అడిగాడు. కాసేపటికి యజమాని జవాబు వచ్చింది: "చాలా సంతోషం, అలాగే కానివ్వండి."

గ్రహశకలాల మధ్య మెలికలు తిరిగే ఘట్టం రక్తి కట్టడం లేదా? తీసేయండి. ఒక శకలానికీ మరో శకలానికీ మధ్య సగటున లక్షల కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది. కావాలంటే ఒక్క శకలం కోసం నెల రోజులు కాపు కాసిన పైలట్‌ను పెట్టుకోండి.

లక్షణం: ప్రమాదం వచ్చినా ఎవరికీ చెమట పట్టదు.

కారణం: ప్రమాదం మరీ పెద్దది, వస్తువులు మరీ తక్కువ. 1997 జూన్ 25న మనుషులు లేని రష్యా సరుకు నౌక ప్రోగ్రెస్‌ను దూరం నుంచి చేతితో నడిపి మీర్ అంతరిక్ష కేంద్రానికి తగిలించబోతే, అది నిజంగానే తగిలింది. కేంద్రంలోని స్పెక్టర్ అనే విభాగానికి చిల్లు పడి గాలి పోసాగింది. తలుపు మూసేద్దామంటే గుమ్మంలోంచి తీగలు పరిచి ఉన్నాయి! వాటిని ఊడదీసి, కోసి, అప్పుడు మూత బిగించారు. లోపలున్న ముగ్గురూ బతికారు.

పరిష్కారం: పేలుడు వద్దు, గుమ్మంలో తీగ పెట్టండి. నిన్న ఎవరో బద్ధకించి అక్కడ పరిచిన తీగ.

లక్షణం: భోజనం సన్నివేశం రుచిగా లేదు. అక్కడ నిజంగానే రుచి తగ్గుతుంది. భారరహిత స్థితిలో ఒంట్లోని ద్రవాలు ముఖానికి ఎక్కి ముక్కు దిబ్బడ వేస్తుంది కాబట్టి వ్యోమగాములు కారం అడుగుతారు. అంటే ఆవకాయ జాడీకి బంగారం ధర. కానీ జాడీ కుదిపారో, నూనె గోళీలై తేలుతుంది. 1965లో అమెరికా వ్యోమనౌక జెమిని-3లో వ్యోమగామి జాన్ యంగ్ దొంగచాటుగా తెచ్చిన సాండ్‌విచ్ పొడి రాలితేనే పెద్ద రభస అయింది. ఇక ఆవ ఘాటు గాలిలో తిరిగితే ఏమవుతుందో మీరే రాయండి.

ముగింపు కుదరకపోతే తిరుగు ప్రయాణం చూడండి. ప్రోగ్రెస్ నౌకలు సరుకు దింపాక చెత్త ఎక్కించుకుని వాతావరణంలో కాలిపోతాయి. మీ సిబ్బంది చేత ఆ చెత్తను తూకం వేయించండి, జాబితా రాయించండి, సంతకాలు చేయించండి. చెత్త నౌక విడిపోయాక కెప్టెన్ తన జేబులు తడుముకుంటాడు: గిడ్డంగి తాళంచెవి లేదు.