స్కీలు ఆగడం లేదా? ముందు బూటు విప్పి చూడండి

గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కార్) దగ్గరి బిగినర్ వాలు మీద ఎప్పుడు చూసినా ఇదే గోల. స్నోప్లౌ పెడతారు, అంటే స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా. అయినా వేగం తగ్గదు. కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలిపోతారు, కాసేపటికే తొడలు మండిపోతాయి.

బరువు వెనక్కి పోవడమే కారణమని అందరికీ తెలుసు. "ముందుకు వంగు" అని ఇన్‌స్ట్రక్టర్ అరుస్తాడు. వీళ్లు నడుం దగ్గర వంగుతారు, దాంతో పిర్రలు ఇంకా వెనక్కి పోతాయి. వంగాల్సింది చీలమండ దగ్గర.

అదీ చేస్తున్నా ఆగకపోతే స్కీలను తిట్టకండి. బూటు విప్పి, ప్యాంటు పైకెత్తి కాలి ముందు ఎముక చూడండి. అడ్డంగా ఎర్రటి గీత పడి ఉంటే దొంగ దొరికినట్టే. చలికని వేసుకున్న థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దూరి, ఆ మడత ఎముకను నొక్కుతోంది. నొప్పి భరించలేక పై బకిల్ వదులు చేస్తారు. ఇక మీరెంత వంగినా కాలు బూటులోనే ఊగుతుంది, ఆ ఒత్తిడి స్కీ దాకా చేరదు. స్కీ మాట వినకపోయేసరికి భయం, భయంతో ఇంకా వెనక్కి.

థర్మల్ అంచు బూటు పైనే ఆగిపోవాలి. పొడుగ్గా ఉంటే మోకాలి దాకా మడిచేయండి. ప్యాంటు లోపలి మంచు అడ్డుపట్టీ కూడా బూటు బయటే ఉండాలి. సాక్సు ఒక్కటే, పల్చటిది, పొడుగుది. రెండు జతలు వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఎంత చెప్పినా ఈ ఒక్కటి ఎవరూ వినరు.

సైజు సంగతి. స్కీ బూటు నంబరంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. తగులుతున్నాయని అద్దె షాపులో పెద్ద సైజు అడిగి తీసుకుంటే పని చెడినట్టే. మడమను నేలకేసి తట్టి వెనక్కి జరిపి, మోకాలు ముందుకు వంచి, మొదట చీలమండ బకిల్, తర్వాత పైది బిగించండి. వేళ్ల మీదివి ఊరికే తగిలిస్తే చాలు. వాలు మీంచి రెండుసార్లు దిగాక లోపలి మెత్త అణుగుతుంది, ఇంకో గాటు బిగించండి.

స్కీ మాటిమాటికీ ఊడిపోతోందా? బూటు అడుగున మంచు గడ్డకట్టి ఉంటుంది, గీకేయండి. అప్పటికీ ఊడితే షాపుకే తీసుకెళ్లండి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) స్క్రూలు మీరు తిప్పొద్దు, మీ బరువును, బూటు అడుగు పొడవును బట్టి వాళ్లే సెట్ చేయాలి.

స్కీ అంచులు మొద్దుబారడం లాంటివి ఈ వాలు మీద అరుదు. స్కీ అడుగున రాసే వ్యాక్స్ (మైనం) లేదని మాత్రం సాకు చెప్పకండి, వ్యాక్స్ లేని స్కీ ఇంకా నెమ్మదిగా పోతుంది.