ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారుతోందా? ముందు నాలుగు నీలం చుక్కలు వేసి చూడండి

మా బల్లార్‌పూర్‌లో మే నెల వచ్చిందంటే ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, బోర్లు అడుగంటుతాయి. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా అంతటా ఇదే తీరు. అలాంటి రోజుల్లో డాబా మీది 500 లీటర్ల ట్యాంకు రాత్రి నిండుగా ఉండి, తెల్లారేసరికి సగానికి పడిపోయిందంటే నేను ముందు చూసేది లెట్రిన్‌లో ఉన్న ఫ్లష్ ట్యాంకునే. వంటింట్లో నల్లా కారితే చప్పుడు వినబడుతుంది, కింద గిన్నె పెట్టుకుంటాం. ఫ్లష్ ట్యాంకు కారితే నీళ్లు ప్యాన్ లోపలి గోడను పట్టుకుని సన్నగా జారి గుంతలోకి పోతాయి. నేల తడవదు, ఎవరి కంటా పడదు.

దీనికోసం ప్లంబర్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడక్కర్లేదు. నేను చూసినంతలో చాలాసార్లు పాడయ్యేది ఒక రబ్బరు రింగు, లేదంటే నీళ్లు ఆపే వాల్వులో ఇరుక్కున్న ఇసుక. 'లోపలి సెట్టు మొత్తం మార్చాలి' అని ఎవరైనా అంటే, ఏ భాగం పోయిందో చూపించమని అడగండి. అలా అడగాలంటే లోపల ఏముందో మనకు తెలిసి ఉండాలి.

కాబట్టి మూత తీద్దాం. మూత మధ్యలో నొక్కే బటన్ ఉన్న పింగాణీ ట్యాంకయితే మూతను బలంగా లాగొద్దు. చాలా మోడళ్లలో బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమవైపు తిప్పితే అది ఊడి వస్తుంది, అప్పుడు మూత లేస్తుంది. తీసిన మూతను గోనెసంచి పరిచి దాని మీద పెట్టండి. పింగాణీ గచ్చుకు తగిలిందంటే పగులుతుంది, ఒక్క మూత విడిగా దొరకడం కష్టం.

లోపల జరిగేవి రెండే పనులు. ఒక పక్కన నీళ్లు లోపలికి వచ్చే వాల్వు ఉంటుంది. నీళ్లు నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, ఒక చిన్న రబ్బరు బిళ్లను నొక్కి దారి మూసేస్తుంది. మధ్యలో నీళ్లను ప్యాన్‌లోకి వదిలే ఫ్లష్ వాల్వు ఉంటుంది. బటన్ నొక్కితే లేస్తుంది, నీళ్లు పోగానే మళ్లీ కూర్చుంటుంది. అది కూర్చునే చోట నీళ్లు జారకుండా అడ్డుపడేది ఒక రబ్బరు రింగు. ఆ వాల్వుతోనే కలిసి ఒక నిలువు గొట్టం ఉంటుంది, అదే ఓవర్‌ఫ్లో. నీళ్లు దాని అంచు దాటితే నేల మీద పడకుండా ప్యాన్‌లోకి పోతాయి. అంటే నీళ్లు పోవడానికి రెండు దారులు: పైనుంచి పొర్లడం, కింది నుంచి జారడం. ఏది జరుగుతోందో తేల్చుకోకుండా సామాను కొనొద్దు.

తేల్చుకోవడం ఇలా. ముందు పైకి చూడండి, ఓవర్‌ఫ్లో అంచు మీదుగా నీళ్లు పొర్లుతుంటే సంగతి అక్కడే తెలిసిపోతుంది. పొర్లకపోతే ట్యాంకు కింద గోడకున్న, ట్యాంకుకు నీళ్లు వదిలే యాంగిల్ కాక్‌ను మూసేయండి. లోపల నీళ్ల మట్టం దగ్గర పెన్సిలుతో ఒక గీత పెట్టండి. బట్టలకు వాడే ఉజాలా నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట సేపు ఎవరినీ ఆ లెట్రిన్‌లోకి వెళ్లనీయొద్దు. పసుపు వేయకండి, అది అడుగున పేరుకుంటుంది. అరగంట తర్వాత ప్యాన్‌లో నీలం కనబడి, మట్టం గీత కిందికి దిగితే కింది రింగు వదులుతోందన్నమాట. మట్టం కొంత దిగి ఒకచోట ఆగిపోయిందంటే ఆ ఎత్తులో ఓవర్‌ఫ్లో గొట్టానికి పగులు ఉందేమో చూడాలి. గీత కదలలేదంటే కింద అంతా బాగానే ఉంది, తప్పు నీళ్లు నింపే వాల్వుదే.

గీత దిగితే ఇంకొక పని కూడా చేయండి. లీటరు చెంబుతో మళ్లీ గీత దాకా నింపండి. అరగంటకు రెండు లీటర్లు పట్టిందనుకుందాం. గంటకు నాలుగు, రోజుకు 96 లీటర్లు. ఒక మనిషికి తాగడం, వండడం, స్నానం, బట్టలు, ఫ్లష్ అన్నీ కలిపి రోజుకు 135 లీటర్లని మన దేశపు భవన నిర్మాణ నియమావళిలో లెక్క. ఒక రబ్బరు రింగు అందులో మూడింట రెండు వంతులకు పైగా గుంతలో పోస్తోంది. ట్యాంకర్ కోసం బిందెలు వరుసగా పెట్టే మా వాడలో ఈ లెక్క చెప్తే ఎవరూ ఊరుకోరు, ఆ సాయంత్రమే మూత తీస్తారు.

ఇప్పుడు నీళ్లు నింపే వాల్వు. యాంగిల్ కాక్ తెరిచి, ఫ్లోట్‌ను చేత్తో మెల్లగా పైకి ఎత్తండి. నీళ్లు టక్కున ఆగిపోతే వాల్వు మంచిదే, మట్టం మాత్రం ఎక్కువగా పెట్టారు. ఫ్లోట్ పక్కన ప్లాస్టిక్ స్క్రూ గానీ క్లిప్పు గానీ ఉంటుంది, దాన్ని సరిచేసి ఫ్లోట్‌ను కొంచెం కిందికి దించండి. ఇత్తడి కాడకు బంతి ఉన్న పాత బాల్ కాక్ అయితే కాడను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి వంచండి. ఓవర్‌ఫ్లో అంచు కన్నా ఒక అంగుళం కింద నీళ్లు ఆగాలి.

ఫ్లోట్ ఎత్తినా నీళ్లు ఆగకపోతే లోపల ఏదో అడ్డం పడినట్టు. మా పక్కింటి కోడలు మొన్న ఎండకాలంలో వచ్చి, "అక్కా, రాత్రంతా నీళ్ల చప్పుడే. పొద్దుగాల లేచేసరికి డాబా మీది ట్యాంకు ఖాళీ అయితాంది" అంది. ఫ్లోట్ ఎత్తి చూస్తే ఆగలేదు. యాంగిల్ కాక్ మూసి, ఒకసారి ఫ్లష్ చేసి, ట్యాంకు దగ్గర కనెక్షన్ పైపు నట్టు విప్పించాను. వాల్వు మొదట్లో వేలిగోరంత ప్లాస్టిక్ జాలి ఉంటుంది. బయటికి తీస్తే జాలి కన్నాలు ఒక్కటీ కనబడలేదు. ఎర్రమట్టి, సన్నటి ఇసుక, డాబా మీది ట్యాంకు నుంచి వచ్చిన పాచి, అంతా గట్టిపడి ముద్దయిపోయింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది నల్లా కింద కడిగితే తెల్లగా బయటపడింది. ఆ జాలిని దాటి పోయిన ఇసుకే రబ్బరు బిళ్ల కింద కూర్చుని దాన్ని మూతపడనీయలేదు. మీరు కూడా పైపు విప్పినప్పుడు దాని కొసను బకెట్‌లో పెట్టి, యాంగిల్ కాక్‌ను ఒక్క క్షణం తెరిచి మూయండి. పైపులో మిగిలిన ఇసుక కూడా కొట్టుకొస్తుంది. ఈ పని చేయకపోతే కడిగిన జాలి మళ్లీ నిండుతుంది.

రబ్బరు బిళ్ల వాల్వు తలలో ఉంటుంది. ఆ తల మీది చిన్న మూతను పావు చుట్టు తిప్పితే చాలా రకాల్లో వచ్చేస్తుంది. బిళ్ల మధ్యలో గుంత పడి ఉంటే తిరగేసి పెట్టండి, కొత్తది తెచ్చేదాకా నడుస్తుంది. ప్లాస్టిక్ భాగాల మీద తెల్లటి గార కట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టండి. మా బోరు నీళ్లకు ఈ గార బాగా కడుతుంది. రబ్బరు ముక్కలను మాత్రం అందులో వేయొద్దు. ఇంకొక మాట మనసులో పెట్టుకోండి. లెట్రిన్ కడిగే యాసిడ్‌ను ట్యాంకులో పోయకూడదు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ ఒకచోట కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, ఇరుకు గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు కూడా నేను వాడను, అవి రబ్బరును తినేస్తాయి.

ఇక కింది రింగు. ఎండకాలంలో ఎక్కువగా చెడేది ఇదే. డాబా మీద కాగిన నీళ్లు రోజూ తగిలి తగిలి రబ్బరు మెత్తదనం పోతుంది. యాంగిల్ కాక్ మూసి ట్యాంకు ఖాళీ చేయండి. మధ్యలోని వాల్వును రెండు చేతులతో పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పి పైకి ఎత్తండి, కింది దిమ్మె ట్యాంకులోనే ఉండిపోతుంది. తిరగకపోతే బలవంతం చేయకండి, పక్కన కొక్కేల్లాంటివి ఉన్నాయేమో చూడండి, కొన్నిటికి వాటిని నొక్కాలి. వాల్వు అడుగున రింగు కనబడుతుంది. దాన్ని బొటనవేలితో రుద్దండి. వేలికి నల్లటి మసి అంటితే రబ్బరు పని అయిపోయింది, మార్చాల్సిందే. మసి అంటకుండా జిగటగా మాత్రమే ఉంటే గుడ్డతో తుడిచి, కింది పక్క పైకి వచ్చేలా తిరగేసి తొడగండి. రింగు కూర్చునే దిమ్మె అంచు మీద కూడా వేలు తిప్పి చూడండి. గరుకుగా తగిలితే అక్కడ గార ఉంది. తడి గుడ్డతో, మెత్తని స్క్రబ్బర్‌తో తీయండి. కత్తి పెట్టి గీకితే అంచు మీద గీత పడుతుంది, ఆ గీతలోంచి నీళ్లు ఎప్పటికీ కారుతూనే ఉంటాయి.

కొత్త రింగు కొనడానికి పాతదాన్ని చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. ఫోన్‌లో ఫొటో సరిపోదు, ఎందుకంటే మందం తెలియదు. "భావూ, అచ్చం ఇలాంటిదే కావాలి" అని కౌంటర్ మీద పెట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఆనించి చూసి తీసుకోండి. కంపెనీ కంపెనీకి కొలత మారుతుంది. కాగజ్‌నగర్ నుంచి వచ్చి మా ఊరి బల్హార్షా స్టేషన్‌లో దిగే మా ఆడపడుచు తన ఊళ్లో దొరకని రింగును ఇక్కడ తీసుకుపోతుంటుంది, పాత రింగు సంచిలో వేసుకునే వస్తుంది.

రింగు మార్చినా కారుతోందా? మూత తీసి పక్కన పెట్టి ఒకసారి చూడండి. మూత లేనప్పుడు ఆగి, పెట్టగానే కారితే దోషం బటన్‌దే. బటన్ కింది పుల్ల పొడవెక్కువై వాల్వును పూర్తిగా కూర్చోనీయడం లేదు. పుల్లను తిప్పి కొంచెం పొట్టి చేస్తే సరిపోతుంది.

నేల మీద కూర్చునే ఒరిస్సా ప్యాన్ మీద గోడకు బిగించిన పాత ప్లాస్టిక్ ట్యాంకుల్లో, పక్కన హ్యాండిల్ ఉన్నవాటిలో, చాలావరకు సైఫన్, అంటే నీళ్లను లాగి వదిలే వంపు గొట్టం, ఉంటుంది. వాటికి కింద రింగు ఉండదు. పక్కకు వేలాడే సన్న గొట్టం నుంచి నీళ్లు పడుతుంటే బాల్ కాక్ చూసుకోండి, అంతే.

యాంగిల్ కాక్ తుప్పు పట్టి తిరగకపోతే పానా వేసి మెడ విరిచేయకండి. డాబా మీది ట్యాంకు కింద ఉన్న వాల్వు మూసి పని చేయండి. అదీ బిగుసుకుపోయి ఉంటే ఫ్లష్ ట్యాంకు మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, ఫ్లోట్ కాడను పైకి లాగి తాడుతో దానికి కట్టేయండి. ఫ్లోట్ ఎత్తితే ఆగే వాల్వయితే ఆ రాత్రికి నీళ్లు ఆగుతాయి.

బయట కారేవి వేరు. కనెక్షన్ పైపు నట్టు దగ్గర చుక్కలు పడితే లోపలి వాషర్ మార్చండి. అక్కడ టెఫ్లాన్ టేప్ చుట్టినా లాభం లేదు, నీళ్లు ఆపేది వాషరే. టేప్ కావాల్సింది యాంగిల్ కాక్ గోడలోకి వెళ్లే మరల మీద. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, ఆ మీద పానాతో పావు చుట్టు చాలు, అంతకు మించితే చీలుతుంది. పని అయ్యాక నట్టు కింద పొడి పేపరు ముక్క పెట్టి ఒక రాత్రి వదిలేయండి, చుక్క పడినా పొద్దున తెలుస్తుంది.

ప్యాన్ మొదట్లో, అదీ ఫ్లష్ చేసినప్పుడు మాత్రమే నేల తడుస్తుంటే ప్యాన్‌కూ పైపుకూ మధ్య అతుకు విడిచిందన్నమాట. పైపైన వైట్ సిమెంట్ పూస్తే నీళ్లు బయటికి రాకుండా గచ్చు కిందికి పోతాయి, గోడ చెమ్మగిల్లుతుంది. ప్యాన్ కదిపి అతుకు తిరిగి వేయాల్సిన పని అది. దానికి మాత్రం పనివాడినే పిలవండి. అతను అతుకు వేసి సిమెంటు ఆరేదాకా ఆ లెట్రిన్ వాడకుండా, ఇంకొక ఏర్పాటు ముందే చూసుకోండి.