తొలకరికి ముందే: మన్యంలో జ్వరాల కాలానికి జాగ్రత్తలు

పాడేరు, చింతపల్లి, అరకు వైపు వానలు పడ్డాయంటే చలిజ్వరాల కాలం వచ్చినట్టే. ఒకప్పుడు కొండమీది చలి కొంత కాపు కాసేది. ప్రాణాలు తీసే ఫాల్సిపారం మలేరియా క్రిమి 18 డిగ్రీల లోపు దోమ ఒంట్లో దాదాపు ఎదగదు. రాత్రులు వేడెక్కేకొద్దీ ఆ అడ్డు సడలుతుంది. వాన ఒక్కరోజే కుండపోతగా కురిసి ఆపైన ఎండ కాస్తే గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, మడుగులు నిలుస్తాయి. దోమ గుడ్లు పెట్టేది అక్కడే.

అన్నిటికంటే ముఖ్యం, జ్వరం తగిలిన రోజే రక్తపరీక్ష. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్‌తో, వేలి చుక్క రక్తంతో, అరగంటలోపే తేలిపోతుంది. సంతలో కొన్న బిళ్లతో రెండు రోజులు నెట్టుకురావద్దు. ఫాల్సిపారం అయితే ఆ రెండు రోజుల్లోనే మెదడుకెక్కవచ్చు. మలేరియాలో రెండో రకం వైవాక్స్ అయితే ప్రైమాక్విన్ బిళ్లలు 14 రోజులూ మింగాలి. మూడోనాటికి జ్వరం తగ్గిందని చాలామంది మానేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. గర్భిణులకు, పసికందులకు ఈ మందు పనికిరాదు, ముందే చెప్పండి.

గోడలు అలకాలనుకుంటే దోమల మందు కొట్టకముందే అలికేయండి. కొట్టాక పేడో ఎర్రమట్టో పూస్తే మందు దాని కిందే ఉండిపోతుంది. కనీసం రెండున్నర నెలలు గోడ ముట్టుకోవద్దు.

మందు పట్టించిన దోమతెరల చిరుగులు ఇప్పుడే కుట్టుకోండి. మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి నీడలోనే ఆరేయాలి, ఎండకు మందు పోతుంది. పొలం పాకలో కాపలా పడుకునేవాళ్లకు వేరే తెర ఉండాలి. కోళ్ల చుట్టూ కంచెగా కట్టిన తెరలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. అదే తెర కింద ఒక బిడ్డ నిద్రపోవచ్చు కదా!

డెంగీ దోమ పగలు కుడుతుంది. డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది కడగండి. అంటుకున్న గుడ్లు ఎండినా చావవు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్లలు వేయకండి.

ఊటనీళ్లు మరిగించే తాగండి. విరేచనాలు పట్టుకుంటే వాడేందుకు ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు బిళ్లలు ఇంట్లో ఉంచండి. గెడ్డ పొంగితే డోలీ కూడా దాటలేదు; నెలలు నిండుతున్న ఆడపడుచులను వానలు ముదరకముందే రోడ్డున్న ఊళ్లోని చుట్టాలింటికో, ఆసుపత్రి దగ్గరి గర్భిణుల వసతి గృహానికో చేర్చండి.