సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోని బండిలో లోపాన్ని వెతకడం

తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయే బండి వేరు, సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను చక్కగా తిప్పుతున్నా అందుకోని బండి వేరు. మొదటి దానిలో వెతకవలసినవి బ్యాటరీ, దాని టెర్మినళ్లు, సెల్ఫ్ మోటారు. రెండవ దానిలో అవి చాలావరకు తమ పని చేస్తూనే ఉంటాయి. లోపం ఇంధనంలోనో, దానిని మండించే నిప్పులోనో, సిలిండర్లలో గాలిని నొక్కే కంప్రెషన్‌లోనో ఉంటుంది. ఈ తేడా గమనించకుండా ముందుగా కొత్త బ్యాటరీ కొనేసి, ఆ తరువాత తల పట్టుకున్నవారిని కోనసీమలో చాలామందినే చూశాను. ఇక్కడ చెప్పేదంతా రెండవ రకం బండి గురించే. కొబ్బరికాయలు, చేపల పెట్టెలు మోసే డీజిల్ మినీ ట్రక్కులు మన వైపు ఎక్కువ కాబట్టి వాటి గురించి కొంత విస్తారంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు, బండి నీళ్లలో ఆగిపోయిందా అన్నది తేల్చుకోవాలి. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో కనకాయలంక వంటి లంక గ్రామాల కాజ్‌వేల మీదుగా నీరు పారుతుంది. కొంచెమే కదా అని దిగిన బండి మధ్యలో ఆగిపోతుంది. అటువంటి బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టనే కూడదు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్‌లో నీరుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోయి, చిన్న పనితో పోయేది ఇంజన్ మొత్తం విప్పే దాకా వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి లోపలి కాగితం తడిసిందేమో, ఆయిల్ గేజి పుల్ల లాగి ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు మారిందేమో చూడాలి. ఈ రెండింటిలో ఏది కనిపించినా గేరు న్యూట్రల్‌లో ఉంచి బండిని తోయించుకోవాలే తప్ప, గేరులో వేసి నెట్టి స్టార్ట్ చేయబోకూడదు. ప్లగ్గులు గాని, డీజిల్ ఇంజన్ అయితే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు గాని విప్పించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీరు బయటికి పోయిందని తేలిన తరువాతనే సెల్ఫ్ జోలికి వెళ్లాలి.

తడవని బండి విషయంలో కూడా సెల్ఫ్‌ను విడతకు పది సెకన్లకు మించి కొట్టకుండా, విడతల మధ్య కనీసం అర నిమిషం ఆగాలి. సెల్ఫ్ మోటారు కాలిపోకుండా ఉండడానికే కాదు, ఆ పది సెకన్ల చప్పుడును శ్రద్ధగా వినడానికి కూడా ఇది అవసరం. కంప్రెషన్ ఉన్న ఇంజన్ ఒక్కొక్క సిలిండర్ దగ్గర కొంచెం బరువెక్కుతూ, లయగా తిరుగుతుంది. ఆ బరువు తెలియకుండా, ఫ్యాను తిరిగినట్టు తేలికగా, మామూలు కంటే వేగంగా తిరిగితే, వాల్వులను సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు; అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే ఆపాలి. ఈడ్చుకుంటూ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ మీదా, ఎర్తింగ్ తీగ మీదా అనుమానం పెట్టుకోవాలి. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపుతుంది; సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది సుమారు 9.6 వోల్టుల కంటే దిగితే, ఇంజన్ తిరుగుతున్నట్టే కనిపించినా అందుకోవడానికి కావలసినంత వేగం రాదు.

డ్యాష్‌బోర్డు మీద చూడవలసినవి రెండు. తాళం లేదా కారు బొమ్మతో ఉండే ఇమ్మొబిలైజర్ దీపం ఆరకుండా మిణుకుమిణుకుమంటుంటే బండి ఆ తాళాన్ని గుర్తించడం లేదన్నమాట. రెండవ తాళంతో ప్రయత్నించాలి. ఇంధనం ముల్లును మాత్రం పూర్తిగా నమ్మవద్దు, ట్యాంకులోని ఫ్లోటు ఇరుక్కుంటే ఖాళీ ట్యాంకు కూడా సగం నిండినట్టు కనిపిస్తుంది.

డీజిల్ బండిలో మొదటి సాక్ష్యం సైలెన్సర్ దగ్గర దొరుకుతుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు వెనుక నిలబడి పొగను గమనించాలి. తెల్లటి పొగ పచ్చి డీజిల్ వాసనతో వస్తుంటే డీజిల్ సిలిండర్లకు చేరుతోంది గాని మండడం లేదు. కారణం ఇంజన్ తిరిగే వేగం చాలకపోవడమో, కంప్రెషన్ తగ్గడమో, చల్లటి ఇంజన్‌ను లోపల ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులు పనిచేయకపోవడమో అయి ఉంటుంది. ఈ మూడింటిలో హీటర్ ప్లగ్గులను ఆఖరున చూసినా ఫరవాలేదని నా అభిప్రాయం, ఎందుకంటే మన సంక్రాంతి చలికి మంచి కంప్రెషన్ ఉన్న ఇంజన్ వాటి సాయం లేకుండానే చాలాసార్లు అందుకుంటుంది.

పొగ అసలే రాకపోతే డీజిల్ సిలిండర్ల దాకా పోవడం లేదు. లైనులో గాలి చేరడం, ఫిల్టర్ మూసుకుపోవడం, డీజిల్‌లో నీరు కలవడం, పాత పంపులపై ఉండే స్టాప్ సోలినాయిడ్‌కు (కరెంటుతో డీజిల్ దారి తెరిచే వాల్వుకు) కరెంటు రాకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజన్ అయితే ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూను రెండు మరలు వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్‌ను, అంటే డీజిల్‌ను చేత్తో తోసే చిన్న పంపును నొక్కుతూ, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చే వరకు ఉండి, ప్రైమర్ నొక్కుతుండగానే స్క్రూ బిగించాలి. దీనినే మెకానిక్కులు ఎయిర్ తీయడం అంటారు. అన్ని నాజిళ్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్ల విషయం పూర్తిగా వేరు: ఆ గొట్టాలలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది, కాబట్టి ఎయిర్ తీయడానికి వాటి నాజిల్ నట్లను ఎవరూ వదులు చేయకూడదు.

ఎయిర్ తీసిన బండి మరునాడు మళ్లీ మొరాయిస్తే ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవాలి. మా మినీ ట్రక్కు వారంలో మూడుసార్లు ఇలా చేస్తే ఒక మెకానిక్ ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాడు, డబ్బు పోయింది గాని జబ్బు పోలేదు. చివరికి ఫిల్టర్‌కు ముందున్న రబ్బరు గొట్టానికి బదులు డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన గొట్టాన్ని కాసేపు తగిలించి చూస్తే, ట్యాంకు వైపు నుంచి బుడగలు వరుసగా రావడం కంటికి కనిపించింది. ట్యాంకు దగ్గర క్లిప్పు కింద గొట్టం పగిలి ఉంది. ఆ వైపు పంపు డీజిల్‌ను పీల్చుకుంటుంది కాబట్టి పగులులోంచి గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి కారదు. అందుకే నేల మీద చుక్క కూడా కనిపించలేదు.

నీటి సంగతి మన చెరువుల రైతులు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. జనరేటర్ల కోసం గట్టు మీద నిలువుగా పెట్టిన డ్రమ్ముల మూత మీద వాన నీరు నిలుస్తుంది, రాత్రి డ్రమ్ము చల్లబడినప్పుడు లోపలి గాలి ముడుచుకుని, ఆ నీటిని బిరడా సందులోంచి లోపలికి లాక్కుంటుంది. ఆ డ్రమ్ములోంచే ట్రక్కుకు కూడా పోసుకుంటే ఫిల్టర్ అడుగుకు నీరు చేరుతుంది. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రైన్ స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి పావుగంట కదపకుండా ఉంచితే నీరు అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. డ్రమ్మును కొంచెం వాలుగా, బిరడాల మీద నీరు నిలవని విధంగా ఉంచడంతోనే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

పెట్రోలు కారులో, సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని ఆన్ వరకు మాత్రమే తిప్పితే వెనుక సీటు అడుగు నుంచి రెండు మూడు సెకన్ల పాటు పంపు గుయ్యిమనాలి. అది వినబడకపోతే ఫ్యూజు, తరువాత పంపుకు కరెంటు కలిపే స్విచ్చు వంటి రిలే చూడాలి. హారన్‌కూ అదే రకం రిలే ఉంటే దానిని పంపు రిలే స్థానంలో పెట్టి పరీక్షించవచ్చు. పంపు మోగుతుంటే ఒక ప్లగ్గు విప్పాలి. అది పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి ఒక విడత సెల్ఫ్ కొట్టాలి, చాలా ఇంజన్లలో అప్పుడు ఇంజెక్టర్లు ఆగి, లోపల చేరిన పెట్రోలు ఆరిపోతుంది. ఆ తరువాత కూడా అందుకోకపోతే ప్లగ్గుకు కరెంటు వస్తోందో లేదో చూడాలి గాని, స్పార్క్ టెస్టర్ లేకుండా, పెట్రోలు ఆవిరి ఉన్న చోట తీగ చేత్తో పట్టుకుని చూడడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇథనాల్ కలిపిన పెట్రోలులోకి నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుక్కు దిగుతాయి, పంపు ముందుగా లాగేది ఆ పొరనే. కాబట్టి పెట్రోలుకు కూడా సీసా పరీక్ష చేయాలి.

సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక షెడ్డులో కొన్నాళ్లు కదలకుండా ఉన్న బండి అయితే బానెట్ ఎత్తి ఎలుకల ఆనవాళ్లు వెతకాలి. పొలం ఖాళీ కాగానే అవి ఇళ్లవైపు వస్తాయి, ఇంజెక్టర్ వైర్లు కొరికి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గడ్డీ ఊకా పోగుచేసి గూడు కడతాయి.

ఇవన్నీ చూసినా దొరకకపోతే స్టీరింగ్ కింది పదహారు పిన్నుల సాకెట్‌కు, బండి కంప్యూటర్ గుర్తించిన లోపాల సంకేతాలు చదివే కోడ్ రీడర్ పెట్టించాలి. పీ 0335 అని వస్తే ఇంజన్ తిరగడాన్ని గమనించే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పీ 0340 అని వస్తే వాల్వులను నడిపే క్యామ్ కడ్డీని గమనించే క్యామ్ సెన్సర్ సర్క్యూట్, పీ 0087 అని వస్తే రైల్‌లో ఒత్తిడి చాలకపోవడం. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ఆర్‌పీఎం ముల్లు బొత్తిగా కదలకపోతే అది కూడా చాలా బండ్లలో క్రాంక్ సెన్సర్ వైపే చూపుతుంది. అయితే కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించే గాని సెన్సర్ పోయిందని కాదు. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. కొత్త సెన్సర్ కొనే ముందు బ్యాటరీ ఎర్త్ తీసి, ఆ కనెక్టర్ ఊడదీసి, పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఆరాక మళ్లీ బిగించి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడాలి.