ఇంగ్లండ్‌లో తోటపని కోర్సులు: డబ్బు కట్టేముందు మొక్కల పేర్లు నేర్చుకోండి

"అన్నా, ఇక్కడ గార్డెనింగ్ కోర్సు ఏది మంచిది? ఆన్‌లైన్‌లో ఉండాలి, తక్కువలో అయిపోవాలి, సర్టిఫికెట్ రావాలి." ఏటా సెప్టెంబర్ వచ్చేసరికి కొత్తగా దిగినవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఇదే. మొక్కల గురించి మాత్రం ఒక్కరూ అడగరు.

విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఈసారి రాసే పెడుతున్నాను. పోయిన చలికాలం బాపట్లలో ఏజీ బీఎస్సీ చేసి వచ్చిన ఒక కుర్రాడు పెద్ద ప్రైవేట్ తోటలో ట్రయల్ డేకి, అంటే ఒక రోజు పని చేయించి చూసేదానికి, వెళ్లాడు. తోటపని ఉద్యోగాల్లో ఇంటర్వ్యూ కంటే ఈ ట్రయల్ డేకే విలువ ఎక్కువ. నేల తవ్వే ఫోర్కు చేతికిచ్చి గోడ పక్కన ఉన్న బార్డర్‌ని, అంటే పూలమొక్కల మడిని, పైపైన కదిపి కంపోస్టు వేయమన్నారు. చూస్తే ఖాళీ నేల. మన పొలంలో తవ్వినట్టు లోతుగా తవ్వేశాడు. కింద నిద్రలో ఉన్న పియోనీ దుంపలు ఎర్రటి మొగ్గలతో సహా పైకి వచ్చేశాయి. ఎవరూ కేకలేయలేదు. మధ్యాహ్నం టీ ఇచ్చి, థ్యాంక్స్ చెప్పి పంపించేశారు. ఆ కుర్రాడి ఫోన్‌లో ఆన్‌లైన్ డిప్లొమా పీడీఎఫ్ ఉంది, 'లెవెల్ 5' అని బంగారు రంగు ముద్రతో!

ముందు ఆ లెవెళ్ల గోల తేల్చేద్దాం. ఇక్కడ లెవెల్ 2 అంటే దాదాపు మన పదో తరగతి స్థాయి, లెవెల్ 3 అంటే ఇంటర్, లెవెల్ 6 అంటే డిగ్రీ. ఇంగ్లండ్‌లో అర్హతలను నియంత్రించే సంస్థ ఆఫ్‌క్వాల్. దానికో రిజిస్టర్ ఉంది, ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. లెవెల్ నంబరు చెప్పి అమ్మే ఆన్‌లైన్ కోర్సు అందులో కనపడకపోతే అది సరదా కోర్సు. సరదాకే అయితే చేయండి, తప్పేం లేదు. ఉద్యోగానికైతే దాని మీద పైసా పెట్టకండి. 'అక్రెడిటెడ్' అని వెబ్‌సైట్‌లో ఎవరైనా రాసుకోవచ్చు.

అసలైన దారి చాలామందికి ఆర్‌హెచ్‌ఎస్, అంటే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ. 1804లో పుట్టిన సంస్థ. దీని లెవెల్ 2లో రెండు భాగాలుంటాయి: థియరీ ఒక సర్టిఫికెట్, ప్రాక్టికల్ ఇంకొకటి. రెండూ పూర్తయితే డిప్లొమా. థియరీ ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదువుకోవచ్చు. ప్రాక్టికల్‌కి మాత్రం గుర్తింపున్న సెంటర్‌కి వెళ్లి బురదలో నిలబడాల్సిందే. మనవాళ్లు చేసేదేమిటంటే థియరీ ముగించి, సీవీలో పెట్టేసుకుని, ప్రాక్టికల్ 'తర్వాత చూద్దాం' అంటారు. హెడ్ గార్డెనర్ అడిగేది ఆ రెండోదే. లెవెల్ 2లో చేరడానికి ముందస్తు చదువేదీ అవసరం లేదు. దాని మీద లెవెల్ 3, ఆ పైన మాస్టర్ ఆఫ్ హార్టికల్చర్ దాకా మెట్లున్నాయి. లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే బొటానిక్ గార్డెన్ వాళ్ల డిప్లొమా మూడేళ్లు. పేరు పెద్దది, పోటీ కూడా పెద్దదే.

కాలేజీలంటారా, లండన్ వైపు ఎన్‌ఫీల్డ్‌లో కేపెల్ మానర్, వూస్టర్‌షైర్‌లో పెర్షోర్, ప్రెస్టన్ దగ్గర మైయర్స్‌కో, యార్క్ దగ్గర ఆస్కమ్ బ్రయన్, హాంప్‌షైర్‌లో స్పార్షోల్ట్. స్కాట్లండ్‌లో ఉంటే ఎడిన్‌బరా రాయల్ బొటానిక్ గార్డెన్ సొంతంగా కోర్సులు నడుపుతుంది. ఫీజు ఎంతని అడిగేముందు మీకు ఏ ఫీజు వర్తిస్తుందో అడగండి. ప్రభుత్వ సాయం, అప్రెంటిస్‌షిప్ లాంటివాటికి సాధారణంగా మూడేళ్ల నివాసం చూస్తారు. నిన్న దిగి ఇవాళ అడిగితే రాదు.

వీసా సంగతి రెండు ముక్కల్లో. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. పక్కింటాయన లాన్ కోసి చేతిలో ఇరవై పౌండ్లు పుచ్చుకున్నా అది స్వయం ఉపాధే. "క్యాషే కదా అన్నా" అనకండి, వినడానికి నాకు ఓపిక లేదు. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లకు ఈ ఇబ్బంది లేదు. చదవొచ్చు, పని చేయొచ్చు, సొంతంగా మొదలుపెట్టుకోవచ్చు. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి ప్రధానంగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలనే చూస్తున్నారు కాబట్టి గార్డెనర్ ఉద్యోగంతో వీసా మార్చుకోవచ్చన్న ఆశ వదిలేయండి. కోర్సు చేస్తే వీసా ఇప్పిస్తామనే ఏజెంట్ ఎవరైనా తగిలితే నంబర్ బ్లాక్ చేయండి.

ఇప్పుడు నా అసలు బాధకి వస్తాను. మొక్కల పేర్లు.

నేను వచ్చింది నవంబర్‌లో. సాయంత్రం నాలుగింటికే చీకటి, చేతులు పగిలి రక్తం. పార్కుల కాంట్రాక్టు పనిలో చేరాను. సూపర్‌వైజర్ నడుస్తూ నడుస్తూ పేర్లు విసిరేవాడు: "కోర్నస్ అన్నీ మార్చి దాకా ముట్టుకోవద్దు, ఆ బుడ్లియా ఉండనీ, హైడ్రాంజియా తలలు కోయొద్దు." చెట్ల మీద ఆకు లేదు. కట్టెల్లా నిలబడ్డ వందల కొమ్మల్లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అడిగితే రెండోసారి చెప్పేవాడు, మూడోసారి వాడే చేసుకునేవాడు. ఆ చలికాలమంతా నాకు ఆకులూడ్చే పని తప్ప ఇంకేదీ ఇవ్వలేదు. సాయిల్ సైన్స్‌లో వచ్చిన మార్కులు ఎవరికి చెప్పుకోను?

మన దగ్గర చెట్టంటే ఆకు, పువ్వు, కాయ. వేపని చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు. ఇక్కడ ఏడాదిలో దాదాపు సగం మొగ్గ, బెరడు, కొమ్మ రంగు చూసే చెప్పాలి. సూదిగా, సన్నగా, గోధుమరంగు మొగ్గ ఉంటే బీచ్, అంటే ఫేగస్ సిల్వాటికా. మసిలాంటి నల్ల మొగ్గలుంటే యాష్, ఫ్రాక్సినస్ ఎక్సెల్సియర్. ముట్టుకుంటే వేలికి అంటుకునే పెద్ద మొగ్గ హార్స్ చెస్ట్‌నట్‌ది. ఎర్రటి కొమ్మలు కోర్నస్ ఆల్బా. ఆకులేని కొమ్మకి పీచులాంటి పసుపు పూలుంటే హామమెలిస్. జనవరిలో ఎక్కడో తియ్యటి వాసన వస్తూ పువ్వు కనపడకపోతే వంగి చూడండి, సార్కొకొక్కా ఉంటుంది. కోర్సుల్లో దీన్ని 'ఐడెంట్' అంటారు. బల్ల మీద వరసగా ముక్కలు పెట్టి కుటుంబం, ప్రజాతి, జాతి, రకం రాయమంటారు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది.

వాడుక పేర్లు చాలవా అంటారు. చాలవు! 'లారెల్' అని ఇక్కడ కనీసం మూడింటిని పిలుస్తారు. లారస్ నోబిలిస్ ఆకు వంటలో వేస్తారు. ప్రూనస్ లారోసెరాసస్ ఆకు నలిగితే సైనైడ్ వస్తుంది, కంచెగా పెంచేది ఎక్కువగా దాన్నే. ఆకు మీద పసుపు మచ్చలున్నది ఆక్యుబా. మన బిర్యానీ ఆకు ఈ మూడింటిలో ఏదీ కాదు, అది దాల్చినచెక్క ప్రజాతి. బిర్యానీలోకని పక్కింటి కంచె తుంపుకొచ్చినవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. పువ్వు రాకముందు డిజిటాలిస్ ఆకులు కాంఫ్రీ ఆకుల్లా ఉంటాయి, అది గుండె మీద పనిచేసే విషం. జెయింట్ హాగ్‌వీడ్ రసం చర్మానికి తగిలి ఎండ పడితే బొబ్బలెక్కుతుంది. జాపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపుని పీకి మామూలు చెత్తలో పడేస్తే చట్టప్రకారం నేరం. మన నర్సరీల్లో జెరేనియం అని అమ్మేది నిజానికి పెలర్గోనియం, మంచు పడితే చస్తుంది. ఇక్కడి అసలు జెరేనియం చలికాలం నేలలోకి పోయి వసంతంలో మళ్లీ లేస్తుంది. ఈ తేడా తెలియనివాళ్లే ఖాళీ నేల అనుకుని ఫోర్కు దించుతారు.

యాప్‌లున్నాయిగా అంటారా? జూన్‌లో బాగా పనిచేస్తాయి. జనవరిలో ఉత్త కొమ్మ ఫొటో తీసి పెట్టి చూడండి, అది చెప్పే పేరు చూసి మీకే నవ్వొస్తుంది.

నేర్చుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు. పేరు పలకలున్న తోట ఒకటి పట్టుకోండి. ఎడిన్‌బరా బొటానిక్స్‌లో బయటి తోటకి టికెట్ లేదు, షెఫీల్డ్ బొటానికల్ గార్డెన్స్‌కీ లేదు. లెస్టర్‌లో ఉన్నవాళ్లకి ఓడ్బీలో యూనివర్సిటీ తోట ఉంది. సర్రేలో విజ్లీ, మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో 2021లో తెరిచిన బ్రిడ్జ్‌వాటర్, యార్క్‌షైర్‌లో హార్లో కార్, ఎసెక్స్‌లో హైడ్ హాల్, డెవన్‌లో రోజ్‌మూర్, ఈ అయిదూ ఆర్‌హెచ్‌ఎస్‌వే. వారం వారం కొత్త చోటికి పరుగెత్తకండి. ఒకే తోట, ఒకే దారి, అవే మొక్కలు, ఏడాదంతా. పలక ఫొటో తీయండి, పక్కనే మొగ్గ ఫొటో తీయండి, ఇంటికొచ్చి చేత్తో రాయండి. వారానికి పది మొక్కలు చాలు. పలక చేత్తో మూసి పేరు పైకి చెప్పండి. ఎవరో చూస్తారని సిగ్గుపడకండి, ఈ దేశంలో తోటల్లో మొక్కలతో మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు.

వాలంటీరుగా వెళ్లడం ఇంకా మంచిది. పాత భవనాలూ తోటలూ కాపాడే సేవాసంస్థ నేషనల్ ట్రస్ట్ తోటలకి వారానికి ఒక రోజు వెళ్తే కాలేజీలో చెప్పనివెన్నో తెలుస్తాయి, రిఫరెన్స్ కూడా దొరుకుతుంది. స్టూడెంట్ వీసా ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త: ఫలానా గంటలకు రావాలని ఒప్పందం లాంటిది ఉంటే అది వాలంటీరింగ్ కాదు, జీతం లేకపోయినా వారానికి మీ వీసా అనుమతించే పని గంటల్లోకి లెక్కొస్తుంది. నేషనల్ గార్డెన్ స్కీమ్ అని 1927 నుంచి ఉంది. సొంత ఇళ్లవాళ్లు సేవాసంస్థల కోసం తోటలు తెరుస్తారు, టికెట్‌తో పాటు కేకు కూడా అమ్ముతారు. అడిగితే ప్రతి మొక్క గురించి అరగంట చెబుతారు. ఆపడం కష్టం.

సరదా కోసమే, ఇంటి వెనక నాలుగు గోంగూర మొక్కలూ మెంతికూరా పెంచుకోవడానికే అయితే ఇంత గోల అక్కర్లేదు. ఆర్‌హెచ్‌ఎస్ తోటల్లో ఒక్కరోజు వర్క్‌షాపులుంటాయి, కౌన్సిల్ వయోజన విద్యలో సాయంత్రం క్లాసులుంటాయి. అలాట్‌మెంట్, అంటే కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే చిన్న నేల ముక్క, కావాలంటే ఇవాళే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి, చాలాచోట్ల ఏళ్లు పడుతుంది. గోంగూరకి పాలీటన్నెల్, అంటే ప్లాస్టిక్ కప్పిన పందిరి, ఉంటేనే ఆశ. చాలా ప్రాంతాల్లో మే సగం దాకా మంచు భయం ఉంటుంది, ఏప్రిల్ ఎండ చూసి బయట పెట్టి తర్వాత నాకు ఫోన్ చేయకండి.

వృత్తిగా తీసుకునేవాళ్లకి ఇంకొన్ని కాగితాలు కావాలి. మొక్కలకి పురుగుమందో కలుపుమందో కొట్టాలంటే పీఏ1 సర్టిఫికెట్, చేత్తో పట్టుకునే స్ప్రేయర్‌తో అయితే దాని మీద పీఏ6. ఇవి లేకుండా ఉద్యోగంలో కలుపుమందు డబ్బా ముట్టకూడదు. చెయిన్‌సా నిర్వహణకి, దాంతో చెట్టు ముక్కలు కోయడానికి సీఎస్30, చిన్న చెట్లు పడగొట్టడానికి సీఎస్31. చాలాసార్లు యజమానే డబ్బు కట్టి చేయిస్తాడు, కాబట్టి తొందరపడి సొంత డబ్బు పోయకండి. ఉద్యోగం మార్చుకుని ఈ వైపు వచ్చేవాళ్లకి రాగ్స్ అని ఒక పథకం ఉంది. 1899లో మొదలైన డబ్ల్యూఎఫ్‌జీఏ అనే తోటపనివాళ్ల సంఘం నడుపుతుంది. ఏడాదిపాటు వారానికి రెండు రోజుల చొప్పున నిజమైన తోటలో జీతంతో నేర్పిస్తారు. పిల్లలున్న అక్కలకీ చెల్లెళ్లకీ నేను మొదట చెప్పేది ఇదే.

మీ ఇండియా డిగ్రీకి యూకే ఎనిక్ నుంచి పోలిక పత్రం తెచ్చుకోవచ్చు. పై చదువులకు పనికొస్తుంది. హెడ్ గార్డెనర్ దాన్ని తిరగేసి కూడా చూడడు.

సరే, భయపెట్టింది చాలు. వెంకటరామన్నగూడెంలోనో ములుగులోనో హార్టీ చేసి వచ్చినవాళ్లకి లెవెల్ 2 థియరీ నిజంగానే తేలిక. కిరణజన్య సంయోగక్రియ, నేల పీహెచ్, అంట్లు, ఇవన్నీ మీరు చదివినవే. లాటిన్ కూడా కొత్త కాదు. మాంజిఫెరా ఇండికా, టమరిండస్ ఇండికా అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లేగా! కుటుంబాలు కూడా మన ఇంటివే. బెండ, గోంగూర, మందార మాల్వేసీ అయితే ఇక్కడి హాలీహాక్ కూడా అదే, పువ్వు చూస్తే మందారకి చెల్లెలని తెలిసిపోతుంది. నలుపలకల కాడ, ఎదురెదురు ఆకులు, నలిపితే వాసన ఉంటే తులసి కుటుంబమేమో చూడండి, సాల్వియాలన్నీ అవే. కంది, శనగ పువ్వు తెలిసినవాడు స్వీట్ పీని మర్చిపోడు. మొదటి యాభై పేర్లకే ప్రాణం పోతుంది, తర్వాత వాటంతట అవే అతుక్కుంటాయి. క్లాసులో మీ పక్కన యాభై దాటిన బ్యాంకు ఉద్యోగి కూర్చుంటాడు. అతనికీ మీలాగే ఏమీ రాదు, పైగా అతను ఎప్పుడూ నారు పోసి ఉండడు. పియోనీలు తవ్వేసిన ఆ కుర్రాడు కూడా ఇప్పుడు ఒక నర్సరీలో ఉన్నాడు, కుండీ మార్చే బల్ల దగ్గర వాడే అందరికంటే వేగం.

సెప్టెంబర్ బ్యాచ్‌లు ముందే నిండిపోతాయి, వసంతంలోనే ఫోన్ చేసి అడగండి. మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. మంచి తోటలన్నీ బస్సు వెళ్లని ఊళ్లలోనే ఉంటాయి, అందుకని డ్రైవింగ్ టెస్టు కూడా ఈలోపే బుక్ చేసుకోండి.